తగువు లేని రాజీనామా

మా వకీల్ సాబ్ కండ్లల్ల మోతిబిందు, అదే శుక్లం, దిగుడు, మా రాజూరా తాలూకా రాష్ట్రం మారుడు దాదాపు ఒక్కపారే అయినయి. ఏది ముందో ఏది వెనుకో ఇప్పుడు యాదికి లేదు. రెండూ ఒక్క తీరుగనే వచ్చినయి: మెల్లగ, నొప్పి లేకుండ. ఒకనాడు పొద్దున లేచి చూసేసరికి ఎదురుంగ ఉన్నది మసక మసకగ ఉన్నది.

అప్పటిదాక మాది హైదరాబాద్ రాష్ట్రం, ఆదిలాబాద్ జిల్లా. భాషల లెక్కన రాష్ట్రాలను పంచినప్పుడు మమ్ముల మరాఠీ దిక్కు వేసిండ్రు. ముందుగాల ఎక్కడనో ఉన్న నాందేడ్‌కు తగిలించిండ్రు. ఆడికి వాయిదాకు పోవాలంటే పెండ్లికి పోయినట్టు సద్ది కట్టుకొని, ఇంట్ల అందరికి చెప్పి పోవాలె. తర్వాత ఎవరికో దయ పుట్టి, వార్ధా నది దాటితే వచ్చే చాందాకు కలిపిండ్రు. ఇప్పుడు చంద్రపూర్ అంటున్నరు గని అప్పుడు మా నోట్ల చాందానే. జనం ఎక్కడోళ్లు అక్కడనే ఉన్నరు. అవే చేన్లు, అవే గట్ల తగువులు. కోర్టే లేచిపోయి ఇంకో భాషల కూసున్నది.

నేను వకీల్ సాబ్ దగ్గర గుమాస్తాను. నకళ్లు రాసుడు, వాయిదాలు యాది పెట్టుకునుడు, సాక్షులను చాయ తాపి కోర్టు దాక తోలుకపోవుడు, తొవ్వల తప్పిపోతే ఎనుకకు వెతుక్కచ్చుడు, ఇది నా పని. చదువంటరా, ఉర్దూ బడిల నాలుగో తరగతిల ఉండంగ మౌల్వీ సాబ్ అడిగిండు, "నీ తలకాయల ఏమున్నదిరా?" అని. "లోపల ఖాళీనే సాబ్, మీరు చెప్పిందంతా బయటనే ఉన్నది" అన్న. ఆనాటి నుంచి నేను గూడ బయటనే ఉన్న.

బయట ఉన్నోన్ని పిలిచి లోపల కూసోబెట్టింది వకీల్ సాబ్. మొదట సంచి మోసేటందుకు పెట్టుకున్నడు. ఒకనాడు ఏదో పాత దస్తావేజు ఆయనకు అంతుపడ్తలేదు, తల గోక్కుంటున్నడు. కోడి గీకినట్టుండే గొలుసుకట్టు ఉర్దూ. నేను ఎనుక నిలబడి వరుసపెట్టి చదివిన. ఆయన మెడ తిప్పి, "నాలుగో తరగతిల గింత నేర్పుతరారా?" అన్నడు. "లేదు సాబ్, మా మౌల్వీ సాబ్ రాత దీనికన్న ఘోరంగుండె" అన్న. తెల్లారి నుంచి సంచి ఇంకొకలకు పోయింది, కలం నాకు వచ్చింది. కోర్టు ఉర్దూ అంత ఆయన ముంగట చాప మీద కూసోని నేర్చుకున్నదే.

మోతిబిందు దిగినంక చదువుడు మొత్తం నా పనే అయింది. పొద్దుగాల కేసు కాగితాలు నేను చదివేది, ఆయన పడక కుర్చీల కండ్లు మూసుకొని వినేది. పదకొండు గంటలకు మున్సిఫ్ ముంగట నిలబడి, చేతిల కాగితం పట్టుకొని, చూసి చెప్తున్నట్టే వాదించేది. ఒకపారి కాగితం తలకిందులు పట్టుకున్నడు. నేను ఎనుక నుంచి నల్లకోటు గుంజిన. "ఏందిరా?" అన్నడు. "కాగితం శీర్షాసనం వేసింది సాబ్" అన్న. నవ్వు ఆపుకోలేక మున్సిఫ్ సాబ్‌ను నీళ్ల కోసం రెండు నిమిషాలు అడిగిండు.

"పట్నం పెద్ద దవాఖానకు పోయి కోయించుకుందాం సాబ్" అని ఎన్నోసార్లు చెప్పిన.

"నా కంటిల కత్తి పెట్టెటోని డిగ్రీ నేను చదవలేను. నువ్వు చదివితే నేను నమ్మ."

"మరి ఎట్ల సాబ్?"

"నువ్వున్నవు కదరా. చదువు."

పెద్ద పెద్ద జమీందార్లను కోర్టుల నిలబెట్టి చెమటలు పట్టించిన మనిషి, ఒక్క చిన్న కత్తికి భయపడె. ఆ భయానికి పర్దా నేను.

కోర్టు కాగితాలు మరాఠీలకు మారబట్టినంక ఒక పొద్దు ఆయన చెప్పిండు, "బతుకంత కుడి నుంచి ఎడమకు నడిచిన మనిషిని. ఇప్పుడు ఎడమ నుంచి కుడికి నడువుమంటే బోర్ల పడ్త. ఆసిఫాబాద్ పోత. అక్కడ తమ్ముడున్నడు, కోర్టున్నది, నా ఉర్దూ ఇంకొన్నేండ్లు చెల్లుతది." ఆగి, అన్నం పెట్టుమన్నంత మామూలుగ అన్నడు, "మన ఇద్దరికి రెండిండ్లు పక్కపక్కన చూడుమని తమ్మునికి కబురు పెట్టిన."

వస్తవా అని అడుగలేదు. కండ్లను ఎవరన్న వస్తరా అని అడుగుతరా?

సరే సాబ్ అన్న. అన్నప్పుడు నిజంగనే పోదామనుకున్న.

అదే వారంల చాందా నుంచి కబురు వచ్చింది. అక్కడ ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరూ వకీళ్లే, కలిసి ఒక ఆఫీసు నడుపుతుండ్రు. రాజూరా, కోర్పనా ఊర్ల కేసులన్ని ఇప్పుడు చాందాకే వస్తయి. వచ్చేటోళ్లు తెలుగు మాట్లాడ్తరు, వాళ్ల పాత కాగితాలు ఉర్దూల ఉంటయి, కోర్టేమో మరాఠీ అడుగుతది. మూడింటి నడుమ ఒక మనిషి కావాలె. నన్ను కోర్టు వరండాల చూసిండ్రంట. ఒకసారి వచ్చి కలువుమన్నరు.

నేను పడవల నది దాటిన గని మనసు నది నడుమనే ఉన్నది. ఆసిఫాబాద్ పోతే ఆయనకు కండ్లు ఉంటయి. కని అక్కడ ఉర్దూ చదివే గుమాస్తాలు చెట్టుకొకడు, గుట్టకొకడు. వకీల్ సాబ్ ఉన్నన్ని రోజులు నేను ఆయన మనిషిని, ఆ తర్వాత ఎవని మనిషిని? చాందాల ఉంటే నాకు బతుకు ఉంటది, ఆయన ముంగట కాగితాలు చదివేటోడు లేక పడుంటయి. ఎటు దిక్కు చూసినా ఒకరి ముంగట చీకటి.

ఆ ఆఫీసు చూస్తే మా వకీల్ సాబ్ చాప యాదికొచ్చింది. గోడ మీద రెండు భాషల్ల బోర్డు, తిరిగే కుర్చీ, టకటక కొట్టే మిషిను. వకీలు ఇల్లు కాదది, వకీళ్ల కంపెనీ. పెద్దాయన తెల్ల టోపీ పెట్టుకొని కూసున్నడు. నాకు వచ్చిన మరాఠీ ఉల్లిగడ్డ బేరం చేసేటంత. ఉల్లిగడ్డకు కానూనుకు చాన దూరం. అయినా నెమ్మదిగ మాట్లాడిండు, నేను తలకాయ ఊపిన. జీతం చెప్పిండు, ఊపిన. బాబుపేట్‌ల ఒక అర్ర చూపిస్తమన్నడు, ఇంకా గట్టిగ ఊపిన. అప్పుడు అడిగిండు:

"ఆధీ రాజీనామా దిలాస్ కా?"

ముందుగాల రాజీనామా ఇచ్చినవా అని.

నా నెత్తురు సర్రున లేచింది. ఎందుకంటే మా కోర్టుల రాజీనామా అంటే ఒక్కటే అర్థం. కొట్లాడుకున్న ఇద్దరు రాజీకి వచ్చి, ఇగ మా నడుమ తగువు లేదని రాసి, వేలిముద్రలు పెట్టి కోర్టుకు ఇచ్చే కాగితం. నా చేతులతోని రాసినయే బొచ్చెడు. అంటే ఏమన్నట్టు? నేను, మా వకీల్ సాబ్ కొట్లాడుకున్నమని ఎవడో ఈయనకు ఎక్కించిండు! పెద్దమనిషిని పట్టుకొని అంత మాటంటరా?

లేచి నిలబడ్డ. వచ్చిన మరాఠీ అంత ఒక్క తాన కుప్ప చేసి, "ఆమ్‌చ భాండణ్ నాహీ సాహేబ్. రాజీనామా కశాలా?" అన్న. మాకు తగువే లేదు, రాజీనామా ఎందుకు?

పెద్దాయన అద్దాలు తీసి నా దిక్కు చూసిండు. టకటక కొట్టే మిషిను గూడ ఆగింది. తర్వాత నెమ్మదిగ, "బరోబర్ ఆహే" అన్నడు, సరైన మాటే అని. తమ్ముని దిక్కు తిరిగి ఏదో చెప్పిండు, అందుల 'అసా మాణూస్' అన్న ముక్క ఒక్కటి నాకు చిక్కింది. ఇసొంటి మనిషి అని. నాకేమో ఇసొంటి మొండోడు అన్నట్టు వినపడ్డది. దసరా సెలవులు అయ్యేదాక ఆలోచించుకొని రమ్మని చేతులు జోడించి పంపిండు. నేను గూడ జోడించిన. దేనికి జోడించిన్నో తెల్వదు.

మా ఆమె ఆ వారం చాందాలనే ఉన్న లాల్‌పేట్‌ల వాళ్ల అమ్మగారింట్ల ఉన్నది. మా మామ కరీంనగర్ దిక్కు నుంచి బొగ్గు గనిల పనికి వచ్చినోడు. లాల్‌పేట్‌ల తెల్ల అంగీ ఆరేస్తే పొద్దుమీకేసరికి వకీలు కోటు అయితది. ఆమె దండెం మీది బట్టలు దులుపుతుంటే, నేను జరిగిందంత చెప్పిన, ఇంకా కోపంలనే చెప్పిన. సగంల ఆమె బట్టలు నెత్తి మీద వేసుకొని నవ్వుడు మొదలుపెట్టింది.

"ఏందయ్యా, గంత గనం ఉర్దూ వచ్చునంటవు, గింత తెల్వదా? రాజీనామా అంటే నౌకరి ఇడిచిపెట్టుడు! గనిల పనికి రాము అని రాసిచ్చిపోతరు కదా, గదే."

"తగువు లేకుండనే?"

"తగువు లేకుండనే. పాత నౌకరి ఇడిచినవా అని అడిగిండు ఆ పెద్దమనిషి. నువ్వేమన్నవు?"

నేనన్న మాట ఇప్పుడు నాకే ఇంకో తీరుగ వినపడ్డది. మాకు తగువు లేదు, నేనెందుకు ఇడిచిపెట్టాలె. గులాబ్‌జామున్ ఇస్తుంటే నేను చెయ్యి ఎనుకకు పెట్టుకున్న, అదీ ఆత్మగౌరవం గల మనిషి తీరుగ. వాళ్లు మెచ్చుకొని ఆలోచించుకొమ్మన్నరు. భాష రాకపోవుడుల గింత లాభమున్నదని నాలుగో తరగతిల తెలిస్తే ఇంకా ముందుగాలనే బడి ఇడిచిపెడ్దును.

ఆమె నవ్వు అయిపోయినంక పక్కన కూసున్నది. ఇగ చాందాల ఉందాం అంటదనుకున్న. తల్లి ఇక్కడ, చెల్లెండ్లు ఇక్కడ, పెరిగి పెద్దయింది ఇక్కడ. ఆమె అన్నది ఇది:

"ఆసిఫాబాదే పోదాం. ఆయనకు మంచినీళ్ల గిలాస ముంగట పెడ్తే చేతికి దొరుకుతలేదు. నేను పోయినసారి చూసిన."

"నీకు చాందా ఇష్టం కదనే?"

"ఇష్టమే. బజారుకు పోతే కనపడ్డ చీరెలన్ని తెచ్చుకుంటమా?"

తెల్లారి నది దాటి వకీల్ సాబ్ దగ్గరికి పోయిన. దాసుకునే అలవాటు మా నడుమ లేదు. కబురు వచ్చుడు, పోవుడు, తిరిగే కుర్చీ, అంత చెప్పిన. రాజీనామా ముచ్చట కాడికి వచ్చేసరికి ఆయన నవ్వబట్టిండు. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది, దగ్గుల నుంచి మళ్ల నవ్వు వచ్చింది. నేను వీపు నిమిరిన. కొంచెం సేపు ఊపిరి పీల్చుకొని, కండ్లు తుడుచుకొని అన్నడు:

"కలం తీయి. రాజీనామా రాసుకుందాం."

"సాబ్, మనకు తగువు లేదని ఇప్పుడే కదా చెప్పిన."

"లేకపోతే పెట్టుకుందాం. నువ్వు ఆసిఫాబాద్ వస్త అంటవు. నేను రావద్దంట. ఇది తగువు కాదా?"

"రావద్దంటరా? రెండిండ్లు చూడుమన్నరు కద సాబ్!"

"అప్పుడు నా ముచ్చట చూసుకున్న. చాందా నుంచి పిలుపు ఉన్నదని నాకు ఎరుకనా? ఆసిఫాబాద్‌ల నీ అసొంటోళ్లు కుప్పలుగ ఉంటరురా. చాందాల నువ్వొక్కనివే. నేను ఎన్నేండ్లు ఉంటనో ఏమో, నా ఎంబడి వచ్చి నువ్వేం చేస్తవు? నా సంచి మళ్ల మోస్తవా?"

"మోస్త."

"మోస్తవని ఎరుక. అందుకే వద్దంటున్న."

 ఆయన మసక కండ్లతోని నా మొఖం ఉండేడి జాగ దిక్కు చూసుకుంట నెమ్మదిగ అన్నడు, "ముద్దయివి నువ్వు, ముద్దాలేహ్ నేను. దావా వేసింది నువ్వు, జవాబు చెప్పేది నేను. రాజీ అంటే ఇద్దరూ ఇంత ఇంత ఇడువాలె. నువ్వు వస్త అన్న మాట ఇడువు. నేను నిన్ను ఇడుస్త. కని మొత్తం ఇడువ. ఎండకాలం కోర్టు సెలవులల్ల నాకు వచ్చి చదివిపెట్టాలె. ఒప్పుకుంటివా?"

"మిగిలిన రోజులు ఎట్ల సాబ్?"

"అది ముద్దాలేహ్ చూసుకుంటడు. నీకు సంబంధం లేదు."

నేను కలం తీసుకొని కాగితం కోసం చూస్తుంటే, "కాగితం ఎందుకురా, నువ్వు రాస్తే నేను చదవలేను, నేను రాస్తే నువ్వు నవ్వుతవు. నోటితోని అయిపోయింది" అన్నడు.

ఆయన సామాన్ల లారీల కానూను పుస్తకాలే ఎక్కువ. నేనే ఎక్కించిన. పడక కుర్చీ చివరికి ఎక్కించిన. డ్రైవర్ పక్కన కూసోని, ఎదురుంగ మసకగ ఉన్న తొవ్వ దిక్కు చూసుకుంట పోయిండు. చెయ్యి ఊపిన గని ఆయనకు కనపడదని తర్వాత యాదికొచ్చింది. అప్పుడు గట్టిగ కేకేసిన. లారీల నుంచి చెయ్యి ఒకటి బయటికొచ్చి ఊగింది, నేనున్న దిక్కుకు కాదు, అటుపక్క చింతచెట్టు దిక్కుకు.

సెలవులు అయినంక చాందా ఆఫీసుల చేరిన. బాబుపేట్‌ల అర్ర, తలుపు తీస్తే రైలు కూత. రాజూరా నుంచి, కోర్పనా నుంచి రైతులు పాత దస్తావేజులు పట్టుకొని వచ్చేది. మెట్లు ఎక్కుకుంటనే భయపడేది, బోర్డులు చూసి, టోపీలు చూసి. నేను లోపల నుంచి "ఏం కాకా, మంచిగున్నవా? వానలు పడ్డయా?" అంటే ఆ మొఖాలు వెలిగేది. ఒకాయన నన్నే జడ్జి అనుకొని కాళ్లకు మొక్కవోయిండు. "నాకు మొక్కితే వాయిదా గూడ దొరకదు కాకా" అన్న. ఉర్దూ చదివి తెలుగుల చెప్పి, మరాఠీల రాయించేది. మరాఠీ రాత నెమ్మదిగ వచ్చింది. ఈ తెలుగు రాత మాత్రం మా ఆమె నేర్పిందే, కరీంనగర్‌ల చిన్నప్పుడు ఆమె చదివిన కొన్ని తరగతులే నా పెద్ద చదువు. ఇప్పటికీ ఒత్తులు తప్పితే ఆమెనే అడుగుత.

ఒకనాడు మాట మీద మాట వచ్చి, ఆనాటి రాజీనామా సంగతి పెద్దాయనకు చెప్పిన. మరాఠీల చెప్పిన, ఉల్లిగడ్డను దాటినంక. ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టి నవ్విండు.

"అంటే మేం నమ్మకస్తుడైన మనిషి దొరికిండని తీసుకుంటే, భాష రాని మనిషి దొరికిండన్నట్టు!"

"రెండూ ఒక్క జీతానికే సాహేబ్" అన్న.

ఎండకాలం వచ్చేసరికి, నేను అడుగకముందే, సెలవులకు రెండు రోజుల ముంగటనే పొమ్మన్నడు. "నీ సాహేబుకు నా నమస్కారం చెప్పు" అన్నడు. నేను చేసుకున్న పుణ్యమేందో నాకు తెల్వదు. మా ఆమె తల్లిని ఇడుస్త అన్నది, ఆయన తన కండ్లను ఇడుస్త అన్నడు, ఈ టోపీ పెద్దాయన తన గుమాస్తాను పని రోజులల్ల ఇడిచిండు. నేను ఒక్కన్నే ఏం ఇడువకుండ రెండు దిక్కుల అన్నం తిన్న. ఇప్పటికీ తింటున్నప్పుడు యాదికొస్తది, కడుపు నిండుతది.

రైలు దిగి, బస్సెక్కి, ఆసిఫాబాద్ చేరేసరికి ఎండ నడినెత్తి మీద ఉన్నది. తొవ్వంత ఒక్కటే గుబులు. ఇన్ని నెలలు చదివేటోడు లేక ఆయన ఎట్లున్నడో, తమ్ముని ఇంట్ల గోడలు పట్టుకొని నడుస్తుండో, కేసులు అన్ని పోయినయో. ఒక పక్కన గొంతు సాపు చేసుకుంటనే ఉన్న. వచ్చిన రోజు నుంచే చదువుడు మొదలుపెట్టాలె అని.

వాకిట్ల పడక కుర్చీ. కుర్చీల ఆయన. మొఖం మీద సీసా అడుగంత మందం ఉన్న కండ్లద్దాలు. వాటి ఎనుక కండ్లు కోడిగుడ్లంత పెద్దగ కనపడుతున్నయి. నేను గడప కాడ ఆగిన. ఆయన నన్ను చూసిండు. నిజంగ చూసిండు. కాళ్ల నుంచి మొదలుపెట్టి నెత్తి దాక, అర్జీ చదివినట్టు చదివిండు.

"నువ్వా?" అన్నడు.

"నేనే సాబ్."

"గిట్లయినవారా? ఇన్నేండ్లు గొంతు విని, మొదట చూసినట్టే ఉన్నవనుకున్న. ఇది ముందుగాలనే చూసి ఉంటే చాందాకు ఎప్పుడో పంపుదును."

నేను కాళ్ల మీద పడ్డ. ఆయన లేపుకుంట చెప్పిండు. ఆసిఫాబాద్ వచ్చినంక మూడు నాలుగు కేసులు తమ్మునితోని చదివించుకున్నడంట. తమ్ముడు చదివితే నిద్ర వచ్చుడు, మేల్కొంటే కోపం వచ్చుడు. ఇట్ల కాదని పట్నం పోయి, కండ్లు మూసుకొని, కత్తి కింద తలకాయ పెట్టి వచ్చిండు.

"భయమైందా సాబ్?"

"అయింది. నువ్వుంటే ఇప్పటికీ పోకపోదును. నువ్వు ఉన్నన్ని దినాలు నాకు కండ్ల అవసరం ఏమున్నది?"

ఆయన కోసం చదువుడే ఆయనకు మంచి అనుకుంటి అన్నేండ్లు. ఆ మాట విన్నంక చెంబు నీళ్లతోని మొఖం కడుక్కున్న, చాన సేపు కడుక్కున్న.

మొఖం తుడుచుకొని వచ్చి, "ఇగ మీకు కనిపిస్తది కద సాబ్, నేనెందుకు?" అన్న.

"షరతు షరతే. సెలవులు ఉన్నంతసేపు నీదే పని" అని ఒక కేసు కట్ట నా దిక్కు జరిపిండు. అద్దాలు తీసి జాగ్రత్తగ కుర్చీ చెయ్యి మీద పెట్టి, కండ్లు మూసుకున్నడు.

చదువుడు మొదలుపెట్టిన. సగం దాక పోయేసరికి ఆయన ఊపిరి బరువుగ వస్తున్నది, నిద్రల ఉన్నడనుకున్న. చూద్దామని ఒక పేరా ఎగ్గొట్టి కిందికి పోయిన.

కండ్లు తెరవకుండనే, "ఎనుకకు పో" అన్నడు.

ఎనుకకు పోయి, మళ్ల చదివిన.